ముప్పై రెండో రాయి

కామారెడ్డి
1 డిసెంబర్ 2025

బాపూ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏందని కవరును అటూ ఇటూ తిప్పి చూస్తుంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఆ మాట అవ్వకు చెప్పు, తరువాత కూర్చుని చదువు.

ఈ రోజు మా శిక్షణ మొదలైంది. మూడు వారాలకు పైగా ఉంటుంది. నాలాగా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లం ఇరవై నాలుగు మందిమి వచ్చాం. మనుషులను ఎలా అడగాలి, విన్నది ఎలా రాయాలి, రాసింది నలుగురి ముందు ఎలా చెప్పాలి, అన్నీ నేర్పిస్తారట. ఇన్నాళ్లూ ఇవి అందరికీ పుట్టుకతో వచ్చాయనీ, నాకొక్కదానికే రావనీ అనుకునేదాన్ని. ఇవి కూడా నేర్పితే వచ్చేవే అని తెలిశాక మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. అంత సంతోషం.

మా శిక్షణను నడిపేది జమున మేడమ్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మైకు పక్కన పెట్టేశారు. మొదటి గంటలోనే నన్ను లేపి, "నీ పరిశోధన ఏమిటో చెప్పు" అన్నారు. నేను బట్టీ పట్టింది చెప్పాను: "సామూహిక నీటి యాజమాన్యంలో సంప్రదాయ సంస్థాగత నియమావళి..." మేడమ్ చెయ్యెత్తారు.

"ఇది మీ ఇంట్లో ఒక్కరికైనా అర్థమవుతుందా?"

"కాదు మేడమ్. కానీ ఇది మా బాపు చేసే పని గురించే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు కాలిపోయాయి. ఆ నవ్వులోంచే మాకు ఒక పని పుట్టింది. ప్రతి ఒక్కరం ఇంట్లో ఒకరిని ఎంచుకుని, మా పరిశోధన వాళ్లకు అర్థమయ్యేలా చేత్తో ఉత్తరాలు రాయాలి. వాళ్లు జవాబు రాయాలి. ఆ జవాబులన్నీ ఫైలులో పెట్టి చివరి రోజు మేడమ్‌కు ఇవ్వాలి. నేను నిన్ను ఎంచుకున్నాను. నా ఒకటో తరగతి పుస్తకంలో నాతోపాటు అక్షరాలు దిద్దింది నువ్వే కదా.

కాబట్టి విను. గుండ్లకుంట కింద మన మడి కాక ముప్పై ఒక్క మంది రైతుల పొలాలున్నాయి. నువ్వు నీరటివి. ఎవరి మడికి ఏ రోజు ఎంత నీళ్లు పోవాలో చూసి తూము ఎత్తేది, దించేది నువ్వు. ఇంతమంది ఇన్నేళ్లుగా కొట్లాడకుండా నీళ్లు ఎలా పంచుకుంటున్నారన్నదే నా ప్రశ్న. అంతే. ఇంత చిన్న మాటకు ఏడాదిన్నరగా ఎంత పెద్ద మాటలు కట్టానో! ఆ ముప్పై ఒక్క మందితోనూ, నీతోనూ మాట్లాడి అంతా రికార్డు చేసుకున్నాను. అందరిలోకీ నువ్వు చెప్పిందే గొప్పగా ఉంది. నా మూడో అధ్యాయం మొత్తం నువ్వు చెప్పిన కరువు ఏడాది ముచ్చట మీదే నిలబడింది. పేరు కూడా పెట్టాను: "నీళ్లు పంచేవాడి మడి ఎండితే". చివర్లో అందరం మూడేసి నిమిషాలు మాట్లాడాలి. నేను ఆ ముచ్చటే చెబుతాను.

జవాబు పొద్దుటి బస్సులో కండక్టర్ రమక్కకు ఇస్తే బస్టాండులో తీసుకుంటాను.

నీ బిడ్డ,
సాయిలత


ఎల్లారెడ్డి
4 డిసెంబర్ 2025

బిడ్డా లతా,

నీ ఉత్తరం మూడు సార్లు చదివిన. ఒకసారి నాకోసం, ఒకసారి మీ అవ్వకోసం, ఇంకోసారి మీ అవ్వకు నమ్మకం కాక. నా అక్షరాలు గొర్లు చేన్ల పడ్డట్టు పోతయి. మీ మేడమ్‌ను నవ్వద్దని చెప్పు.

మీ అవ్వకు ఒక్కటే రంది. "పద్దెనిమిదేండ్లు సదివింది, ఇంకా దానికి నేర్పుడేంది? ఫెయిల్ అయ్యి మనకు చెప్తలేదా?" అంటది. నేను కాదంటే వినది. మీ భీమేష్ చిన్నాయన వచ్చి, "ట్రైనింగ్ అంటే పోలీసోళ్లకు ఇచ్చేదే వదినా, పొద్దుగాల్నే గ్రౌండ్ల ఉరికిస్తరు" అని చెప్పి చాయ తాగి పోయిండు. ఇగ చూడు. మీ అవ్వ నిన్న ఎల్లారెడ్డి అంగట్ల బూట్లు కొన్నది. రమ చేతికి ఇస్తున్న. పెద్దగయితే మూతిల గుడ్డ పెట్టుకో అన్నది.

కుంట నిండ ఉన్నది. నార్లు మంచిగున్నయి. యాసంగి నాట్లకు ఈ నెల నడుమ తూము ఎత్తుత.

నువ్వు రాసిన సంగతి సమజయింది. కొట్లాడకుంట అని రాసినవు గానీ మేం కొట్లాడుతం బిడ్డా. కొట్లాడినంక నీళ్లు పంచుకుంటం. అది సక్కగ రాసుకో.

ఆ మూడు నిమిషాలల్ల ఇంకేదన్న చెప్పరాదా? కట్ట తెగినప్పుడు అందరం కలిసి మట్టి పోసినం, అది మంచి ముచ్చట. ఫోటోలు గూడ ఉన్నయి.

మీ బాపు
హన్మండ్లు


కామారెడ్డి
7 డిసెంబర్ 2025

బాపూ,

బూట్లు అందాయి! తెల్లవి, రెండు నంబర్లు పెద్దవి. బస్టాండులో రమక్క, "పోలీసు ఉద్యోగం వచ్చిందట గద చెల్లె, మిఠాయేది?" అని బస్సు మొత్తం వినేలా అడిగింది. నా గదిలో ఉండే నిహారికకు చెబితే మంచం మీద పడి నవ్వింది. అవ్వకు చెప్పు, ఫెయిల్ కాలేదు. ఇక్కడ ఉరికించేది కాళ్లను కాదు. ఆ బూట్లు వేసుకునే తిరుగుతున్నాను, మెత్తగా ఉన్నాయి.

ఈ వారం ఎన్ని నేర్చుకున్నానో! ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగకూడదట. నేను మీ అందరినీ "నీళ్లు న్యాయంగానే పంచుతారు కదా?" అని అడిగాను. ఎవరు కాదంటారు? అదీ నీరటి బిడ్డ అడిగితే! నా రికార్డింగు నాకే వినిపించారు. అవతలి మనిషి ఆగి ఆలోచిస్తుంటే నేనే ఆ ఖాళీని మాటలతో నింపేస్తున్నాను. మేడమ్ అన్నారు, "నోరు మూసుకుని అయిదు లెక్కపెట్టు. వాళ్లు అసలు మాట అప్పుడు చెబుతారు." నీ రికార్డింగులో మాత్రం నేను ఎక్కడా అడ్డం రాలేదు. మేడమ్ కూడా మెచ్చుకున్నారు.

ఇప్పుడు భయపడే సంగతి. ఎవరి మాటలు వాడుకుంటున్నామో వాళ్లు ముందుగా ఒప్పుకున్నట్టు రుజువు ఉండాలట. దేనికి వాడుతున్నామో చెప్పాలి, వద్దనే హక్కు ఉందని చెప్పాలి. అప్పుడు వాళ్లు సరేనంటేనే ఆ మాటలు మనవి. లేకపోతే తీసేయాలి. నేను అడిగాననే అనుకున్నాను. "మాట్లాడదామా పెద్దమ్మా" అంటే "కూసో బిడ్డా" అనేవాళ్లు. అది సరిపోదట. ఈ నెల ఇరవైలోగా రుజువు చూపించకపోతే నా ఏడాదిన్నర పని అంతా పక్కకు పోతుంది.

అందుకే ముప్పై రెండు ఒప్పుకోలు కాగితాలు పంపుతున్నాను. ఒక్కొక్కరికీ చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకో. ముప్పై రెండోది నీది. నీకు చదివి వినిపించే పని లేదు కదా, ముందు నువ్వే పెట్టు.

కట్ట ముచ్చట ఎవరైనా చెబుతారు బాపూ, దానికి అందరూ ఆవలిస్తారు. నేను కరువు ఏడే చెబుతాను.

నీ బిడ్డ,
సాయిలత


ఎల్లారెడ్డి
13 డిసెంబర్ 2025

లతా,

కాగితాలు పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన. ఒక్కరు ముట్టలే. కాగితం సంచిలకెళ్లి తీస్తనే తలుపు సందు ఇరుకయితున్నది. ఆ నడుమ ఎవరో సర్వే అని సంతకాలు తీసుకపోయిన్రు గదా, మల్ల ఆ కాగితాల మొఖం చూసినోడు లేడు. "హన్మండ్లూ, నువ్వు గూడ గిట్ల మొదలువెట్టినవా?" అన్నరు. ఇద్దరయితే నువ్వు కుంటను కొలిపించి సర్కారుకు రాసిస్తున్నవనే మాట లేపిన్రు. ఆఖరు మడి సాలవ్వ ఒక్కతే ఇంట్లకు పిలిచింది. కాగితం మొత్తం చదివిపిచ్చుకున్నది. అంత విని, "నా ఏలు నాకు కలుపు తీయనీకి కావాలె, ఇంకు పూయ" అన్నది.

అప్పుడు నాకొకటి తట్టింది. నీకు ఎరికే గానీ మీ మేడమ్‌కు తెల్వదు గదా, అందుకని రాస్తున్న. యాసంగికి తూము ఎత్తే ముందు ఎవరి మడిలకెళ్లి వాళ్లు ఒక రాయి తెచ్చి నీరటి గుడ్డల ఏస్తరు. ఏస్తే ఈ ఏటి వంతులకు ఒప్పుకున్నట్టు. ఏయకుంటే ఒప్పుకోనట్టు. ఎందుకు ఏయలేదని నీరటి అడుగద్దు. అందరి రాళ్లు పడేదాక తూము ఎత్తద్దు. మా తాత కాలం నుంచి మాకు గదే సంతకం.

మొన్న అందరు తూము కాడికి వచ్చిన్రు. నీళ్ల రాళ్లు ఏసిన్రు. అయినంక మీ అవ్వ జాకెట్ గుడ్డతోని కుట్టిన సంచి పట్టుకొని నేను చెప్పిన: "నా బిడ్డ మీ మాటలు పుస్తకంల రాస్తది. ఎక్కడెక్కడనో చదువుతరు. వద్దనేటోళ్లు వద్దనొచ్చు, నేను అడుగ, అది గూడ అడుగది. ఇష్టమున్నోళ్లు ఇంకో రాయి తెచ్చి ఈ సంచిల ఎయ్యిన్రి."

"రాళ్లతోని పరీక్ష పాసయితదా?" అని ఒకడు నవ్విండు. సాలవ్వ ఊకోలే. "నీ నోట్ల పండ్లకంటే గట్టిగున్నయి, నడువు రాయి తే" అన్నది.

సంచి రమకు ఇస్తున్న. కాగితాలు గూడ ఎనకకు పంపుతున్న, ఖరాబు కాలే.

మీ బాపు


కామారెడ్డి
14 డిసెంబర్ 2025

బాపూ,

సంచి అందింది. బరువుగా ఉంటే అవ్వ సకినాలు పంపిందనుకున్నాను. హాస్టల్లో అందరి ముందూ విప్పాను. రాళ్లు. కింద ముప్పై రెండు కాగితాలు ఖాళీగా.

నిజం చెబుతాను, కోపం వచ్చింది. ఇది మన తూము కాదు బాపూ. ఇక్కడ రాయి చూపిస్తే నవ్వుతారు. ఇరవై మూడు మందీ పొద్దున నా బూట్లు చూసి నవ్వారు, సాయంత్రం రాళ్లు చూసి నవ్వారు. నేను అడిగింది ఒక్క పని. ఇరవయ్యో తేదీ దగ్గరికొచ్చింది.

తరువాత లెక్కపెట్టాను. ముప్పై ఒకటే ఉన్నాయి. రెండోసారి నిహారిక లెక్కపెట్టింది, ముప్పై ఒకటే. ఆ లేనిది సాలవ్వదే అయి ఉంటుంది. కాగితానికి ఆమే ఎదురు చెప్పింది. నేను మాట్లాడడానికి పోయినప్పుడు కూడా ఆమె సగంలోనే లేచి, కరువు ఏడు సంగతి మీ బాపును అడుగుపో అంది. కరువు ఏడు ఎండింది ఆమె మడే కదా. ఆమె ఒప్పుకోకపోతే మూడో అధ్యాయం కూలిపోతుంది.

ఎట్లయినా ఒప్పించు బాపూ. ఈ యాసంగికి ఆమె వంతు ఒక్క రోజు ముందుకు జరుపు. చివరి మడి కదా, సంతోషంగా ఒప్పుకుంటుంది. ఎవరికీ తెలియదు.

సాయిలత


ఎల్లారెడ్డి
16 డిసెంబర్ 2025

లతా,

ఈ ఉత్తరం నీ ఒక్కదానికే. ఫైలుల పెట్టకు.

సాలవ్వ రాయి నీ సంచిలనే ఉన్నది. ఎర్రగుంటది, ఒక పక్క పలిగి ఉంటది. అందరికంటే ముందుగాల ఏసింది ఆమెనే.

లేనిది నాది.

నువ్వు ఆ పొద్దు ఏం అడుగలే. బువ్వ తినుకుంట నా ముందర కూసున్నవు. నువ్వు పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు గురించి ఎందుకో మాట వచ్చింది. కుంటల మోకాలు మందం నీళ్లున్నయి. ఆఖరు వంతు సాలవ్వది. తెల్లారంగ నేను ఆమె కాలువ కట్టేసి నా మడికి నీళ్లు మలుపుకున్న. ఒక్క పూట. నా మడి పండింది. ఆమెది ఎండితే మేయనీకి పశువులను తోలింది. నీళ్లే రాలేదని చెప్పిన, ఆమె సరేనన్నది. పదేండ్లు ఎవరికి చెప్పలే. మీ అవ్వకు గూడ చెప్పలే. నా బిడ్డకు చెప్పిన. పక్కన నీ మిషిను ఎర్రగ ఎలుగుతున్నదని నాకు సోయి లేదు. మేడమ్ మెచ్చుకున్నరు అని రాసినవు చూడు, నేను ఏం అనాలె?

నీళ్ల వంతులు తప్పినోడని పుస్తకంల పడితే రేపు నా గుడ్డల రాయి ఎవరు ఏస్తరు?

ఇంకొక మాట. సాలవ్వ వంతు జరుపుమన్నవు. ఎవరికీ తెలియదన్నవు. ఒకసారి జరిపిన బిడ్డా. దాని మీదనే నువ్వు అధ్యాయం రాసినవు.

కోపంతోని రాస్తలేను. నీకు నేర్పేటోళ్లు మంచోళ్లు లెక్కనే ఉన్నరు. వద్దనే హక్కు ఉన్నదని వాళ్లే అన్నరని నువ్వే రాసినవు. నేను వద్దంటున్న.

బాపు


కామారెడ్డి
24 డిసెంబర్ 2025

బాపూ,

నీ ఉత్తరం చదివి వారం రోజులు జవాబు రాయలేకపోయాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. తప్పు చేశాను. సాలవ్వను ఊరికే అనుమానించాను. నిన్ను చేయమనకూడని పని చేయమన్నాను. అదీ ఎవరితో! ఇంతకంటే బాగా రాయడం నాకు ఇక్కడ ఎవరూ నేర్పలేదు.

పందొమ్మిదో తేదీ పొద్దున మూడో అధ్యాయం తీసేశాను. నలభై ఒక్క పేజీలు. నీ రికార్డింగు కూడా చెరిపేశాను. మా గైడ్‌కు ఫోన్ చేసి చెప్పాను. "నీ సిద్ధాంత గ్రంథానికి వెన్నెముక అదే కదా సాయిలతా" అన్నారు. అవును సార్ అన్నాను. దాని బదులు ఏం రాయాలో ఇప్పటికీ తెలియదు.

ఇరవయ్యో తేదీన జమున మేడమ్ ముందు సంచి పెట్టాను. నీ మూడు నిమిషాల్లో ఇదే చెప్పు, చెల్లుతుందో లేదో అప్పుడు తేలుస్తాం అన్నారు. నిన్న నా మూడు నిమిషాలు. అవ్వ బూట్లు వేసుకుని పోయాను బాపూ. బొమ్మలు లేవు, తెర లేదు. బల్ల మీద రాళ్లు ఒక్కొక్కటే పెడుతూ మాట్లాడాను. ఇది నల్లరేగడి మడిది, ఇది తూము పక్కది, ఇది చివరి మడిది. రాయి పడకపోతే తూము లేవదు, ఎందుకని అడగకూడదు అని చెప్పాను. ఒప్పుకోలు రుజువులు పరిశీలించడానికి వచ్చిన పెద్దాయన ఒకరు మధ్యలోనే అడిగారు:

"అమ్మాయ్, మీ నాన్నగారు అడిగితే ఊళ్లో ఎవరు కాదంటారు? మొహమాటానికి వేసిన రాళ్లు కావని ఎలా నమ్మేది?"

నేను నోరు మూసుకుని అయిదు లెక్కపెట్టాను. తరువాత అన్నాను, "సార్, నేను మాట్లాడింది ముప్పై రెండు మందితో. ఇక్కడ ముప్పై ఒకటే ఉన్నాయి. ఒకరు వేయలేదు. వాళ్ల మాటలు తీసేశాను. నాకు అన్నిటికంటే అవసరమైనవి అవే."

ఆయన కళ్లద్దాలు తీసి, చివరి మడి రాయిని చేతిలోకి తీసుకుని చూశారు. ఎర్రది, పలిగింది. ఎవరు వేయలేదని మాత్రం అడగలేదు!

సంతకం పెట్టనివాళ్లు సాక్షి ముందు నోటితో ఒప్పుకున్నా చెల్లుతుందట. దాన్ని రికార్డు చేసుకోవాలి. రాళ్లను చూపిస్తూ ఆ మాట చెప్పించుకు రమ్మన్నారు, జనవరి నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. అంటే ముప్పై ఒక్క మంది మాటలూ నిలిచాయి బాపూ! నిహారిక నన్ను ఎత్తి తిప్పింది. ఒక బూటు ఊడి ఎక్కడో పడింది.

ఫైలు ఇచ్చేటప్పుడు మేడమ్ తేదీలు చూశారు. "ఒక జవాబు తక్కువ ఉన్నట్టుందే?"

"ఉంది మేడమ్. రాసినవాళ్లు చూపించవద్దన్నారు."

"అయితే నువ్వు నేర్చుకున్నావు" అని ఫైలు మూసి నాకే తిరిగి ఇచ్చారు.

నూతన సంవత్సరం మరునాడు వస్తున్నాను. నిన్ను ఏమీ అడగను. తూము కాడ ఊరికే కూర్చుంటాను.

నీ బిడ్డ,
సాయిలత


ఎల్లారెడ్డి
28 డిసెంబర్ 2025

బిడ్డా,

మీ అవ్వ బూటు దొరికిందా అని అడుగుతున్నది. ముందుగాల అది రాయి.

నీ ఉత్తరం చదివినంక రెండు పూటలు తూము కాడనే కూసున్న. నలభై ఒక్క పేజీలు అంటే ఎంత ఎత్తు ఉంటదో నాకు తెల్వది. నా మాట మీద నువ్వు తీసేసినవు. పదేండ్ల కింద నేను ఇంకొకళ్ల పంట తీసేసినప్పుడు వాళ్లను ఒక్క మాట అడుగలే. అది గుర్తుకొచ్చింది.

నిన్న సాలవ్వ నాటు ఏసుకుంట ఉంటే పోయి ఒడ్డు మీద నిలబడ్డ. చెప్పిన. మొత్తం చెప్పిన. ఆమె వంగిన నడుము ఎత్తలే. చేతిల ఉన్న నారు కట్ట అయిపోయేదాక నాటుకుంటనే ఉన్నది. అటెంక లేచి చేతులు కడుక్కొని అన్నది:

"ఆ పొద్దు నేను తుమ్మ చెట్టు ఎనక ఉన్న. నువ్వు కాలువ కడుతుంటే చూసిన."

"చూసి పదేండ్ల సంది నా గుడ్డల రాయి ఎట్ల ఏసినవ్ సాలవ్వా?" అన్న.

నవ్వింది. "ఎందుకు ఏసిన్రని నీరటి అడుగద్దు గదా" అన్నది.

నా మొఖం ఎట్ల అయ్యిందో ఏమో, మల్ల ఆమెనే అన్నది, "పుస్తకంల రాయనీ. కానీ అది నీ ఒక్కని ముచ్చట కాదు హన్మండ్లూ, ఎండింది నా మడి. నిన్ను అడిగితే సరిపోదు. నన్ను గూడ అడుగాలె." అని మడిల చెయ్యి పెట్టి ఇంకో రాయి తీసి ఇచ్చింది.

రమ చేతికి రెండు రాళ్లు పంపుతున్న. ఎర్రది ఆమెది. నల్లది నాది. తూము ఈ ఏడు నేనే ఎత్తిన గానీ, యాసంగి అయినంక అందరి ముందర చెప్త. ఆ పైన గుడ్డ ఎవరి చేతిల పెడుతరో వాళ్ల ఇష్టం.

చెరిపిన మాటలకు రంది పడకు. మల్ల చెప్త. ఈ సారి మిషిను దిక్కు చూసుకుంట చెప్త. అయితే ముందుగాల సాలవ్వ ఇంటికి పో. రాయి ఎందుకు ఏసిందో నీకయితే చెప్తదట. అడిగినంక నోరు మూసుకొని అయిదు లెక్కపెట్టుమన్నది నీ ఉత్తరం. ఆమెకు అయిదు సాలది, పది లెక్కపెట్టు.

ఈ ఉత్తరం, దాని ముందలిది, రెండు ఫైలుల పెట్టుకో.

నీ బాపు
నీరటి హన్మండ్లు